నానమ్మ పిలుపు

సియోల్ శివారులో, ఫీజు సర్కారే కట్టే పిల్లల కేంద్రం. ఇంటికెళ్ళే వేళ. గుమ్మంలో చెప్పుల అర దగ్గర రెండున్నరేళ్ళ బోమి నానమ్మ, బోమి టీచరు ప్యో. లోపల, మిగతా పిల్లల మధ్య, వీపు ఇటు తిప్పి బొమ్మలాడుకుంటూ బోమి.

"మళ్ళీ ఆ కాగితమేనా?"

"ఒక్క సంతకం, నానమ్మగారూ. ఎదుగుదల పరీక్షకి పంపిద్దాం. మీ అబ్బాయి 'పిల్లని పెంచేది మా అమ్మ, ఆవిడ ఒప్పుకుంటేనే' అన్నారు."

"అబ్బో! ఫీజు సర్కారుదే, వంకలు పెట్టడం కూడా ఉచితమేనా? ఏం చేసిందమ్మా మా పిల్ల?"

"ఏం చెయ్యలేదండీ. పిలిస్తే పలకదు. ఇంతవరకూ ఒక్క మాట..."

"వాళ్ళ నాన్న మూడేళ్ళకి నోరు విప్పాడు. ఇప్పుడు పగలంతా ఫోన్లో బీమా అమ్ముతాడు. ఆపితే చాలని పెళ్ళాం దణ్ణాలు పెడుతోంది."

"ఇవాళ పదిసార్లు పిలిచాను."

"మీరు పిలవడం నేనూ విన్నాన్లెండి. 'బోమీ... బంగారూ...' అని దోమ పాడినట్టు! నేనైనా తిరగను."

"ఇంట్లో పలుకుతుందా?"

"ఒక్క పిలుపుకి! గిర్రున తిరిగి ఒళ్ళో పడుతుంది. ఇలాంటి పిల్లని ఆసుపత్రికి తిప్పితే రేపు బళ్ళో 'ఓహో, ఆ పిల్లా' అంటారు. ఆ ముద్ర మీరు చెరుపుతారా?"

"ముద్ర కాదండీ, ఒక్కసారి చూపిస్తే..."

"కావాలంటే కింది ఫ్లాటు మేంగ్ గారిని అడగండి."

"ఆయనకి బోమి తెలుసా?"

"బోమి తెలీదు, నా కాలు తెలుసు. వారానికి మూడుసార్లు పోట్లాటకి వస్తాడు. మొన్న ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు కొనితెచ్చి బహుమతి అని చేతిలో పెట్టాడు, మహానుభావుడు!"

"మీ కాలేం చేసింది?"

"పిలిచేటప్పుడు నేలమీద ఒక్కటి వేస్తాను. 'బోమీ!' దభ్! అంతే, వచ్చేస్తుంది. ఏమిటమ్మా అలా చూస్తారు?"

"ఆ చెప్పులు వేసుకున్నారా?"

"రెండ్రోజులు. అవి వేసుకుంటే ఈ మహారాణి నన్ను లెక్కచెయ్యదు. ఎంత అరిచినా..."

"ఎంత అరిచినా?"

"అలిగిందనుకున్నాను. విసిరి పారేశాను."

"నానమ్మగారూ, ఇక్కడ నేలంతా మందపాటి పరుపులు. కాలు వేసినా అదరదు."

"కనిపిస్తున్నాయి. అయితే?"

"ఇక్కణ్ణుంచే మీరొకసారి పిలవండి. కాలు కదపకుండా."

"ఓస్, అంతేనా! చూసి నేర్చుకోండి. బోమీ!... బోమీ, ఇంటికి పోదాం!... ఒసేయ్ బోమీ, కాల్చిన చిలగడదుంప తెచ్చానే!"

"పిల్లలు తిరిగారా, నానమ్మగారూ?"

"తిరిగారు కదమ్మా. ఎంతమంది తిరిగారో చూశారా?"

"తొమ్మిదిమంది తిరిగారు, నానమ్మగారూ. బోమి తప్ప. కూర్చోండి. మంచినీళ్ళు తెస్తాను."

"నీళ్ళొద్దు, ఆ కలం ఇవ్వండి. ఇన్నాళ్ళూ దానికి అందింది నా గొంతు కాదమ్మా, నా కాలు."