పక్క కుర్చీ టీచరుగారు

1992 జూన్ పదిహేనవ తేదీన మా ప్రత్యేక పాఠశాలలో ఉపాధ్యాయినిగా అడుగుపెట్టిన వారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆటిజం అన్న మాట తల్లిదండ్రులకే కొత్తగా ఉన్న ఆ రోజుల్లో, పిల్లలు ఎదుటివారి కళ్ళలోకి చూసి తీరాలని అందరూ పట్టుబడుతుంటే, వారు మాత్రం బిడ్డ పక్కనే కుర్చీ వేసుకుని, బిడ్డ చూసే వైపే తామూ చూస్తూ కూర్చునేవారు. అలా మా అందరికీ పక్క కుర్చీ టీచరుగారయ్యారు.

అనంతరం ప్రధానోపాధ్యాయినిగా పదోన్నతి పొందినా తరగతి గదిని విడిచిపెట్టలేదు. కోపం వస్తే దిండు నలపడం, ఆటలో తమ వంతు దాకా ఆగడం, తోటివారు ఏడిస్తే దగ్గరికి వెళ్ళడం ఎంతో సహనంతో నేర్పారు. ఒకసారి వారు కొత్త కళ్ళజోడు పెట్టుకొస్తే పిల్లలు గుమ్మంలోనే గగ్గోలు పెట్టారు. నాటి నుంచి బడిలో, కాడ విరిగి దారం చుట్టిన పాత జోడే. కొత్తది కొనిపెట్టిన భర్తగారికి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తుంటే, దయచేసి మన్నించగలరు.

వారిని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వని పాప ఒకతె మా బడిలో ఉంది. విరమణ వార్త విని ఆ పాప తల్లి కంటతడి పెట్టింది.

"మీరెళ్ళిపోతే దీని గతేంటండీ?"

"అందుకే ఇప్పట్నుంచే వెళ్తున్నానమ్మా, కొంచెం కొంచెంగా."

అన్నట్టే మొదట గది మూలకు, ఆపైన గుమ్మం దాకా, తరువాత వరండాలోకి జరిగారు. లోపల కొత్త టీచరు దగ్గర పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, బయట వారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేవారు. తోటి టీచరుగా నేనే చూడలేక, ఒక్కసారి వెళ్ళి ఎత్తుకోమన్నాను.

"ఇప్పుడెళ్తే, రేపు నేను లేనప్పుడు దానికి ఇంకా కష్టమవుతుందే!"

నెలలు గడిచాయి. మొన్న బడి విడిచే వేళ, ఆ పాప కొత్త టీచరు చెయ్యి తనంతట తానే పట్టుకుని, వరండాలో ఉన్న వారి ముందు నుంచే ఉయ్యాల వైపు నడిచిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

"చూశావా, నన్ను పట్టించుకోనే లేదు!" అని నవ్వుతూనే, నా భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చారు.

వారు సంపూర్ణ ఆరోగ్యంతో, కుటుంబ సభ్యుల ఆదరణలో చిరకాలం చల్లగా ఉండాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. వారు లేని బడి ఆ పాపకైతే అలవాటు చేశారు. మాకు చెయ్యలేదు.