రెండు పేపర్లలో రఘు

"రెండు పేపర్లూ చదివినవా యేసుదాసూ?"

"సదివిన అమ్మా. పెద్ద పేపరు అప్పుడే సదివిన. అది వచ్చిన మాపటికే దుకాణం మీద రాళ్లు పడ్డయి. గీ కరీంనగర్ పేపరు ఇయ్యాల పొద్దుగాల వచ్చింది. జర ఆగుండ్రి, స్టూలు మీద గాజు పెంకులున్నయి, తుడుస్త."

"వద్దు. కూసునేంత సేపు లేదు నాకు."

నస్పూర్ బజారులో యేసుదాసు నడిపే వీడియో గేముల దుకాణం అది. టీవీలన్నీ పగిలి ఉన్నాయి. ఇంటర్ చదివే రఘు గోదావరిలో మునిగి చనిపోయి వారం దాటింది. వాళ్లమ్మ సరళాదేవి సగం ఎత్తిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చినప్పుడు, తిట్టడానికే వచ్చిందనుకుని యేసుదాసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు.

"దినాలు గూడ కాలేదు అమ్మా. మీరు బయటికి రావొద్దు గదా."

"వచ్చిన. ఏది నిజమో నీ నోట వినాలె."

"నా నోట ఎవరు నమ్ముతరు? మీరే సూడండ్రి. పెద్ద పేపరుల పైననే 'వీడియో గేమ్ భూతానికి విద్యార్థి బలి' అని. ఆటలో మనిషి దూకినట్టే రఘు గూడ గోదాట్లకు దూకిండని 'స్థానికులు చెబుతున్నారు' అంట. ఏ స్థానికులు? ఒక్కని పేరు లేదు. నా దుకాణం అని ఫొటో ఏసిండ్రు. అది నాది గానే గాదు, ఏ పట్నంలదో. నా కాడికి ఒక్కడు రాలే, ఒక్క మాట అడగలే."

"దూకే ఆట వాడు ఎన్నడు ఆడలే. కార్ల ఆట ఒక్కటే ఆడేది."

"మీకెట్ల తెలుసు?"

"ఇంట్ల అన్నం పళ్లెం పట్టుకొని తిప్పుతుండె. అమ్మా, మలుపు కాడ గిట్ల మలుపాలె అని. బువ్వ కింద పడుతదిరా అంటే నవ్వేటోడు. గా రాసినాయన మా ఇంటికొచ్చి అడిగుంటే నేనన్న చెప్తుంటి."

"గీ కరీంనగర్ పేపరాయన అందరిని అడిగిండు అమ్మా. చేపలు పట్టే అంతయ్య ఏం చూసిండో ఆయన పేరు పెట్టి రాసిండు. ఏటి కాడ కలిసిన దోస్తులను అడిగిండు. లోతు తెల్వక మునిగిండు, దూకుడు లేదు ఏం లేదని ఎస్సై అన్న మాట ఉన్నది. నా కాడ గూడ శానా సేపు కూసున్నడు, ఆ పొద్దు రఘు ఈడికి రాలేదని నేను చెప్పింది గూడ రాసిండు. అట్లని నన్ను ఏం మెచ్చుకోలే. బడి ఎగ్గొట్టి వచ్చే పోరగాండ్లను గూడ కూసోబెడుతుండని రాసిండు. అది నిజమే. రాయనీ. నిజం రాసినోడు నన్ను రెండు మాటలన్నా పడుత."

"నాకు గూడ గిదే నిజమనిపించింది."

"గా మాట జర బయట అంటరా అమ్మా? నా పెండ్లాం రిబ్కమ్మ నీళ్లకు బోరింగు కాడికి పోతలేదు, అందరు మొకం తిప్పుకుంటుండ్రట. నా బిడ్డను బడిల, మీ బాపు పిల్లగాన్ని సంపిండు అంటుండ్రు. అది ఏడ్చుకుంట వచ్చి, నిజమేనా బాపు అని నన్నే అడిగింది. ఆదివారం చర్చిల నా పక్కన బెంచి ఖాళీ. కరీంనగర్ ఆయన రేపు మల్ల వస్తనన్నడు. ఆ పొద్దు రఘు ఈడికి రానేలేదని మీరు గూడ ఒక్క మాట అంటే…"

"రాలే గదా?"

"రాలే అమ్మా. దినాం వచ్చేటోడు ఆ పొద్దు ఎందుకు రాలేదో నాకు తెల్వది."

"నాకు తెలుసు."

"అమ్మా…"

"పెద్ద పేపరుల అంతకుముందు సంది రాస్తనే ఉన్నరు గదా, గీ గేముల మీద. ఒకపారి కండ్లు పోతయని, ఒకపారి పిచ్చి లేస్తదని, ఒకపారి ఇసుంటి పిల్లలు ఖూనీలు చేస్తరని. ఏ డాక్టరు చెప్పిండో, ఏ ఊర్ల జరిగిందో ఉండది. రఘు వాళ్ల బాపు చాయ్ తాగుకుంట అవన్నీ గట్టిగ చదివి మాకు వినిపించేటోడు. నేను గూడ నిజమేనేమో అనుకున్న. అచ్చులో వచ్చినంక ఎవరు కాదంటరు? ఆ పొద్దు రఘును గడప కాడ నిలబెట్టిండు. యేసుదాసు దుకాణం మెట్టెక్కితే మల్ల ఇంట్లకు రాకు అన్నడు. నీ వయసుల మేము గోదాట్ల ఈదేటోళ్లం, గా గుడ్డి దీపాల ముంగట కూసోలే, పో, ఏటికి పో, జర గాలి తగలని అన్నడు."

"ఏటికి పొమ్మన్నరా?"

"మంచికే అన్నడు. పిల్లగాడు బాగుండాలెననే అన్నడు. వాడు ఏం ఎదురు చెప్పలే. తువ్వాల భుజాన ఏసుకొని పోయిండు. వాళ్ల బాపు మాట విన్నడు తమ్మీ."

"యేసయ్యా… ఆ పొద్దు ఈడికి వచ్చుంటే—"

"అనకు. ఆ మాట అనకు."

"అనను. అననమ్మా. ఏడవకుండ్రి."

"గీ మాట ఆయనకు తెల్వకుండ కాపాడింది పెద్ద పేపరే. అది వచ్చినప్పుడు, చూసినవా, వాడు నా మాట ఇనలే, గా దుకాణంకే పోయిండు, ఆడి నుంచే పోయి దూకిండు అన్నడు. నేను ఊకున్న. నిన్ను తిట్టుకుంటనన్న బతుకుతుండని ఊకున్న. నిన్ను తిట్టిన పూట నాలుగు బుక్కలు తింటుండె. ఇయ్యాల పక్కింటి అనసూర్య గీ కరీంనగర్ పేపరు తెచ్చిచ్చింది. మంచి మనసుతోనే తెచ్చింది పాపం. చదివిండు. మల్ల చదివిండు. లోపలికి పోయి తలుపు ఏసుకున్నడు."

"అయ్యో…"

"నేను తలుపు కొట్టి కొట్టి, పని చేసే ఐలవ్వను పిలిచి, ఇద్దరం ఏడిస్తే తీసిండు. ఒక్కటే మాట అన్నడు. యేసుదాసును అడుగుత అన్నడు. బయట స్కూటర్ కాడ ఉన్నడు ఇప్పుడు. మెట్టు ఎక్కుటానికి కాళ్లు వస్తలేవు ఆయనకు. అందుకే నేను ముందు వచ్చిన."

"నన్నేం చెప్పమంటరు?"

"నేను చెప్పమనలేను. నీ దుకాణం మీద రాళ్లు ఏసినోళ్లల్ల మా పాలోళ్లు, మా అన్నదమ్ములోళ్లే ఉన్నరు. నిన్ను అడిగే మొకం నాకు లేదు."

"అడగకుండనే అడుగుతుండ్రు గదా అమ్మా. నేను చెప్పిన మాట అచ్చులో ఉన్నది. అది నేను కాదంటే, గా కరీంనగర్ ఆయన గూడ అబద్ధాలకోరు అయితడు. అందరి కాడికి తిరిగి రాసిన మనిషి. ఇగ పెద్ద పేపరే నిజమైతది, ఎప్పటికి."

"తెలుసు."

"దుకాణం పోతే పోయింది, ఏ బెల్లంపల్లికో పోయి ఇంకో పని చేసుకుంట. నా బిడ్డకు ఏం చెప్పాలె?"

"నాకు తెల్వది తమ్మీ. నాకు తెల్వది. కొడుకు పోయిండు. మొగడు గూడ పోతే నేను ఎవరి మొకం చూసి…"

"లేవండ్రి అమ్మా. నా కాళ్లు పట్టుకోవద్దు. లేవండ్రి, సార్ వస్తుండు."

రఘు తండ్రి ప్రేమ్‌సాగర్‌రావు లోపలికి వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. పగిలిన టీవీల వైపు ఒకసారి చూసి, యేసుదాసు ముందు నిలబడ్డాడు.

"నేను కొట్లాటకు రాలే యేసుదాసూ."

"కూసోండ్రి సార్."

"కూసోను. ఆ పొద్దు మా రఘు నీ కాడికి రానేలేదని గీ పేపరుల ఉన్నది. నువ్వే చెప్పినవట."

"అవు సార్. నేనే చెప్పిన."

"మరి నేను పొమ్మన్న కాడికే పోయిండా వాడు?"

"ఇంటికి పోదాం పా. ఇగ ఆయనను అడగకు—"

"సరళా, నువ్వు మాట్లాడకు. ఆయనను చెప్పనీ. యేసుదాసూ, నా పిల్లగాడు నా మాట విన్నడా?"

"లేదు సార్. పోలీసోళ్ల భయానికి పేపరాయనకు నేనే అబద్ధం చెప్పిన. పొద్దుగాలనే వచ్చిండు. ఈడనే ఆడుకున్నడు, ఈడి నుంచే ఏటికి పోయిండు. మీ మాట ఇనలే సార్."