ఒక్క డబ్బా గోలీలు

పొద్దుగాల తొమ్మిది కావస్తుంది. మబ్బు పట్టింది గని వాన లేదు, ఉక్కపోత.

"అత్తా, చిన్ని సంగతి మొదటికెళ్లి చెప్పవా? ఫోన్ల రికార్డు చేసుకుంట. బావకు గూడ వినిపిస్త."

చేసుకో సౌమ్యా. మా అక్క కొడుకుకు నిన్ను అడిగిండ్రని తెల్సిన కాడికెళ్లి నేనే చెప్దామనుకుంటున్న. మీ నాయిన నా తోడబుట్టిన అన్న. మా అక్క గూడ గంతే. అందరిది ఒక్క రక్తమే. గందుకే చెప్తున్న, లేకుంటే ఇది నోట్లకెళ్లి రాదు.

మా ఇంట్ల రక్తం తక్కువ అన్న మాట మొదలు నా పెద్దబిడ్డకు వచ్చింది. మౌనికకు. అప్పుడు పదేండ్లు... కాదు, పన్నెండు. బడిల మెట్లెక్కితే దమ్ము వచ్చేది. కింది రెప్ప గుంజి చూస్తే లోపల తెల్లగ. దొంగతనంగ బియ్యం బుక్కేది. ఊర్ల ఆశా అక్క వచ్చి ఐరన్ గోలీలు ఇచ్చింది. స్టీలు డబ్బాల పోసి అల్మారల పెట్టిన.

ఇగ మా అత్త. నీకు తెలుసుగద, మా నాయినకు సొంత చెల్లె. నేను మేనబావనే చేసుకుంటిని. ఆమె కురవి వీరన్నకు మొక్కుకొని నీసు మానేసింది. గుడ్డు గూడ ముట్టలే. పాలు ఆమెకు మొదలే పడవు. గట్ల ఎన్నో ఏండ్లు. అరికాళ్లు తిమ్మిర్లు, నాలుక మంట, నడిస్తే తూలుడు. "కోడలు సప్పిడి కూరలు పెట్టి నా రక్తమంత గుంజింది" అని వాడకట్టంత చెప్పి వచ్చింది. నోరొక్కటే ఏం తగ్గలే.

నా చిన్నబిడ్డ చిన్నికి అప్పుడు ఏడాదిన్నర. గోడకు సున్నమేసినట్టు పాలిపోయింది. అన్నం తినకున్నా కడుపు ఉబ్బే ఉండేది. నడవాల్సిన పిల్ల, సంకల నుంచి దిగేది కాదు.

నేనేమనుకున్ననో తెలుసా? రక్తం తక్కువంటే అందరికి ఒక్కటే రోగం అనుకున్న. పొద్దుమూకి చాయ్ దించంగనే డబ్బా తీసేది. ప్రసాదం పంచినట్టు పంచేది. పెద్దదానికి ఒకటి, అత్తకు ఒకటి, చాయ్‌తోనే మింగుమనేది. చిన్నిదానికి సగం నూరి బెల్లం నీళ్లల్ల. ఎవ్వలు చెప్పలే నాకు. నేనే. నా చేతులతోనే. రెండు నెలలు.

... ఆగు. నీళ్లు తాగనియ్యి.

ఒకనాడు పొద్దుగాల చూస్తే పిల్ల ఒళ్లు కాలిపోతుంది. పెదవుల్ల రంగు లేదు. పక్కటెముకల కింద లోపలికి బయటికి కొట్టుకుంటుంది. మీ మామ ఆటో పిలిచిండు. జనగామ దవాఖానల రక్తం చూసిండ్రు. మూడే ఉన్నదన్నరు. "గింత తక్కువతోని ఎట్ల ఉంచుకున్నవమ్మా ఇంట్ల?" అన్నది నర్సు. వరంగల్ పొమ్మన్నరు. తొవ్వ పొడుగున దాని ముక్కు కాడ వేలు పెట్టుకొనే కూసున్న.

అక్కడ డాక్టరమ్మ చిన్నది, నీ అంతనే ఉంటది. మొదలు రక్తం ఎక్కించింది. ఎన్కశీర్క అడిగింది, "మీరిద్దరు దగ్గరోళ్లా?" అని. మేనరికం అన్న. ఇంట్ల అందరిని పిలిపియ్యమన్నది. అత్త, మౌనిక మూడో నాడు బస్సుల వచ్చిండ్రు. అందరి రక్తం తీసిండ్రు.

ముగ్గురిది మూడు తీర్ల కథ, సౌమ్యా. పెద్దదానికి ఐరనే తక్కువ, కడుపుల పురుగులు గూడ ఉన్నయి. "చాయ్‌తోని వేస్తే గోలి పని చెయ్యదమ్మా, నిమ్మకాయ నీళ్లతోని ఇయ్యి" అన్నది. అత్తకు నీసు, పాలు ముట్టక బీ పన్నెండు విటమిన్ లేదట. ఆమెకు సూదులు రాసింది. చిన్నిదానికి తలసీమియా. దాని ఒంట్ల రక్తం సక్కగ తయారే కాదు. ఐరన్ తక్కువ లేనే లేదు దానికి. నేను పోసిందంత లోపల పేరుకునేదే.

"ఇచ్చిన గోలీలతోని సచ్చిపోయేదా మేడం?" అని అడిగిన. "రోగం నీ గోలీతోని రాలేదమ్మా. పుట్టుకతోనే ఉన్నది. కాని రెండు నెలలు ఆలస్యమైంది" అన్నది. అబద్ధం చెప్పలే. గది మంచిగనిపించింది.

నా ఒంట్ల, మీ మామ ఒంట్ల ఆ లోపం సగం సగం ఉన్నదట. మాకేం కాదు. ఇద్దరిది బిడ్డకు పోతేనే గిట్ల. నాలుగు కాన్పుల్ల ఒక్కటే అని లెక్క కాదు, ప్రతి కాన్పుకు నాలుగు వంతుల్ల ఒక వంతు భయం ఉంటదట. అత్త ఇదంత ఇని మంచం పట్టె పట్టుకొని, "నా రక్తమేనా కోడలా?" అన్నది. ఎన్నడు లేంది నా చెయ్యి పట్టుకున్నది. "మన రక్తమే అత్తా" అన్న.

"మరి మేము, అత్తా?"

లగ్గం వద్దంటలే. మీ ఇద్దరు ముందుగాల రక్తం చూపించుకోండ్రి. ఊకె రక్తం ఎంతున్నదని చూసుడు కాదు, తలసీమియా పరీక్షని అడిగి చేపియ్యాలె. ఒక్కలకే ఉంటే ఫికరు లేదు. ఇద్దరికి ఉంటే డాక్టరు ముంగట కూసొని మాట్లాడుకోండ్రి. మా అక్కకు కోపమొస్తె రానియ్యి. నేను చూసుకుంట.

ఇప్పుడు చిన్నికి ఐదేండ్లు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తరు, దాంతోని గూడ ఐరన్ పేరుకుంటదట. ఒక బిడ్డకు ఐరన్ లోపలికి పోయే గోలి ఇచ్చిన, ఒక బిడ్డకు బయటికి తీసే గోలి ఇస్తున్న. వేరు వేరు డబ్బాలు, పేర్లు రాసి. ఎముకల మూలుగ మారిస్తె నయమైతదట, అక్కది చెల్లెకు కలుస్తదో లేదో చూస్తమన్నరు. చూడాలె.

వరంగల్ నుంచి వచ్చిన నాడు వాన పడుతుండె. ఆటో గడప ముంగట ఆగింది. మీ మామ దిగిండు. అత్త ఆయన భుజం పట్టుకొని దిగింది. మౌనిక సంచులు పట్టుకొని ఉరికింది. నా సంకల చిన్ని, పెదవులు జర ఎర్రగైనయి, వానల చెయ్యి పెట్టి నవ్వుతుంది. లోపలికి పోయి తలుపేసి లెక్కపెట్టిన. మీ మామ ఒకటి. అత్త రెండు. మౌనిక మూడు. నేను నాలుగు. చిన్ని... చిన్ని ఐదు.