జిగురు మరకలు

ఆర్కిటెక్టు తమ్ముడి ఆఫీసు. బల్ల మీద, అక్కావాళ్ళ వీధి ముందు అతను కట్టిన భవనానికి అట్టతో చేసిన మోడల్. ఎదురుగా అక్క.

“రేపు అవార్డు కమిటీవాళ్ళు వస్తున్నారక్కా. మీ వీధి తరఫున నువ్వు రెండు మంచి మాటలు చెప్పాలి.”

“ఏమని?”

“ఏముంది! ఆరంతస్తుల్లో ఒక్క ఏసీ లేకుండా ఎంత చల్లగా ఉందో చెప్పు.”

“ఎందుకుండదూ? దక్షిణపు గాలంతా అదే మింగుతోంది. మా కిటికీ తెరిస్తే తెర కూడా కదలట్లేదు. పిల్లకి ఒకటే ఆయాసం. మీ బావ ఏసీ పెట్టించారు.”

“మంచిదేగా.”

“దాని వేడి తట్టుకోలేక పక్కింటివాళ్ళూ పెట్టించారు. వాళ్ళ వేడికి ఆ పక్కవాళ్ళు. ఏసీ లేని భవనం నీది. దాని ఏసీలన్నీ మా గోడలకున్నాయి.”

“అది... నా పని ఆ స్థలం వరకే కదక్కా.”

“మరి నన్ను ఇంటింటికీ ఎందుకు తిప్పావు? ‘మా తమ్ముడు కడుతున్నాడు, మన గాలికేం ఢోకా లేదు’ అని నా నోటితో చెప్పించావే! ఇప్పుడు ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారు.”

“అప్పుడు నాకేం తెలుసు?”

“తెలీదా?”

“తెలిస్తే నీ దగ్గర దాస్తానా?”

“దాచవులే. మా కిటికీ కింద కూర్చుని చదువుకున్నవాడివి... ఇదేనా, ఫ్యాను పెట్టి, పొగ వదిలి, గాలి ఎటు పోతుందో చూస్తానన్న మోడల్?”

“ఇదే. ముట్టుకోకు, అట్ట.”

“చెట్లు కూడా పెట్టావే! వెనక మా వీధేదిరా?”

“అదీ... చోటు చాల్లేదు.”

“ఇంత బల్ల పెట్టుకుని చోటు చాల్లేదా? మరి ఈ మరకలేంటి, వరసగా?”

“పాత జిగురు.”

“చివరిది వంకరగా ఉంది. మా ఇల్లే వంకర.”

“అక్కా, టీ చెప్పనా?”

“టీ తర్వాత. మా ఇళ్ళు ఇక్కడ పెట్టి మరీ పొగ వదిలావు కదూ?”

“ఈ చెట్టు ఊడొస్తోంది, ఉండక్కా.”

“నిన్నేరా.”

“వదిలాను.”

“మా దాకా వచ్చిందా?”

“రాలేదు.”

“రాలేదని కళ్ళారా చూసి కూడా ఏమీ మార్చలేదా?”

“మార్చానక్కా. ఇళ్ళు తీసేశాను.”