తింబుల్ తుమ్ము

ఊళ్ళో ఏటా పరుపులు ఎండబెట్టే రోజు. వీధి పొడవునా ప్రతి గుమ్మం ముందూ ఎర్ర అంచుల నల్ల పరుపులు పరిచి ఉన్నాయి. పొద్దు వాలకముందే దులిపి, మొగుడూ పెళ్ళాం చెరో కొసా పట్టుకుని లోపలికి మోయాలి. తింబుల్ మాత్రం కాఫీ కొట్టు బల్ల మీంచి లేవకుండా కోతలు కోస్తున్నాడు. ఒక్కొక్కటే లోపలికి పోగా ఎదురుగా మిగిలిపోయిన పరుపు తనదేనని తెలుసు. దాని పక్కన నిలబడ్డ పెళ్ళాం మిస్నా మొహం ఎలా ఉందో చూడకుండానే తెలుసు. రెండేళ్ళుగా అరుగు మీద పడుకుంటున్న మొగుడు ఇవాళైనా వస్తాడా అని ఆమె చూస్తోంది.

“నా తుమ్ము మొదట్లో మామూలుదే. పొయ్యి దగ్గర తుమ్మానా, నిప్పు ఆరిపోయింది, అంతే, దానికే మా అమ్మ తిట్టిపోసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోతలప్పుడు గట్టు మీద తుమ్మితే మడి మడంతా రాలి, గింజ ఒక పక్కా తాలు ఒక పక్కా కుప్పపడింది.”

“సంచులకి కూడా ఎత్తిందా బావా?” అడిగాడు మిస్నా తమ్ముడు జుమాడి.

“సంచులు ఎగిరిపోయాయిరా, లేకపోతే ఎత్తేదే. అది సరే, ఓసారి బాలి వెళ్తుంటే గాలి పడిపోయి పడవ నడిసముద్రంలో ఆగింది. తెరచాప వెనక కూర్చుని ఒక్కటి తుమ్మాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేవు దాటి, ఇసక దాటి, కొబ్బరితోటలో ఆగింది పడవ. సరంగు కాళ్ళ మీద పడి తిరుగు ప్రయాణానికి ఇంకోటి అడిగాడు. అది కాస్త గట్టిగా పడిందిలే, ఇజెన్ నిప్పుకొండ పొగ వారం దాకా అటే తిరిగి ఉంది.”

అందరూ పడీపడీ నవ్వారు, జుమాడి తప్ప.

“కొండ పొగని తిప్పినవాడివి, ఆ పరుపు ఇంట్లోకి తిప్పలేవా బావా? అక్క పొద్దుటినుంచీ ఎండలో నిలబడింది.”

తింబుల్‌కి పరుపులోని బూరుగు దూది దుమ్ము ఎలర్జీ అని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. కానీ ఆ పరుపు అత్తగారు పోయేముందు, చూపు ఆనకపోయినా తడుముకుంటూ కూతురికోసం కుట్టింది. అది తనకి పడదని ఏ నోటితో చెప్తాడు? ఉక్కపోస్తోందని వంక పెట్టి అరుగెక్కాడు పాపం.

లేచి వెళ్ళి ఒక కొస పట్టుకున్నాడు. మిస్నా పేము బెత్తంతో ఒక్క దెబ్బ వేసింది. సన్నటి దుమ్ము లేచింది.

తుమ్మాడు. పిల్లికూన తుమ్ములాంటిది. పరుపు మీద నూలుపోగు కూడా కదల్లేదు. మళ్ళీ తుమ్మాడు, మళ్ళీ. కళ్ళు ధారకట్టాయి, ముక్కు ఎర్రబడింది, చేతిలో కొస మాత్రం వదల్లేదు.

మిస్నా బెత్తం దించేసింది. “ఇందుకా? నేనంటే మొహం మొత్తిందనుకున్నాను.”

“మీ అమ్మ కుట్టింది కదే,” అన్నాడు ముక్కు చీదుకుంటూ.

ఆమె కొంగుతో అతని కళ్ళు తుడిచింది. వీధంతా చూస్తోందని సిగ్గుపడలేదు. పరుపు లోపల వెయ్యమని తమ్ముణ్ణి కేకేసి, తన చాప తెచ్చి అరుగు మీద అతని చాప పక్కనే పరిచింది.

తింబుల్‌కి ఊపిరి తిరిగింది. కొట్టువైపు చూసి, “ఆ తర్వాత ఏమైందో తెలుసా?” అన్నాడు.

“తెలుసులే బావా,” అన్నాడు జుమాడి పరుపు నెత్తినెత్తుకుంటూ. “రాత్రి తుమ్మొస్తే అటు తిరుగు. అక్క బాలిలో తేలితే వెతకలేక చస్తాం.”