ఐసు సంచి

మిట్టమధ్యాహ్నం. మూసి ఉన్న గోపురంలో, పెద్ద టెలిస్కోపు పక్కన పరిశోధకురాలూ కొత్త మెకానిక్కూ నిలబడి ఉన్నారు.

"గేర్లు మూడుసార్లు విప్పి చూశాను మేడమ్. వాటిలో ఏ తప్పూ లేదు."

"మరి రాత్రుళ్లు ఎందుకు కుదుపుతోంది? పడమటికి తిప్పితే ఫొటోలో నక్షత్రం గీతైపోతోంది. అదీ రోజూ కాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు. పాత మెకానిక్కూ ఇదే పాట పాడాడు."

"పాడినందుకేగా ఉద్యోగం పీకించారు."

"పీకించక? ముప్పై ఏళ్ల అనుభవమని నెత్తిన పెట్టుకుంటే, నా ఏడాది కష్టం మట్టిపాలు చేశాడు!"

"తర్వాత తిడుదురుగాని, ఇప్పుడు పడమటికి తిప్పండి."

"తిప్పాను. బాగానే ఉంది. పగలెప్పుడూ బాగానే ఉంటుందని మొత్తుకుంటున్నాగా!"

"మీ కొత్త కెమెరా కేబులుకి ఈ ఐసు సంచి చుడుతున్నాను. పది నిమిషాలు ఆగండి."

"ఆగాను. ఏమైంది?"

"మళ్లీ తిప్పండి."

"అరే... కుదిపింది!"

"బాగా చలేసిన రాత్రి కేబులు కర్రలా బిగుసుకుని టెలిస్కోపుని వెనక్కి లాగుతోంది. కాస్త వదులు కూడా లేకుండా ఇంత బిర్రుగా కట్టిందెవరు?"

"నేనే. వేలాడుతూ అడ్డమొస్తోందని..."

"కట్టింది మీరు, తిట్లు మాకు!"

"గొంతు తగ్గించు. ఈ ఐసు ఉపాయం నీకెలా తట్టింది?"

"నాకు కాదు, మా మామయ్యకి తట్టింది. మీరు ఇంటికి పంపిన పాత మెకానిక్కే."

"ఆయన మీ మామయ్యా? మరి వచ్చి నాతోనే చెప్పొచ్చుగా?"

"వచ్చారు మేడమ్. పొద్దుట్నించీ గేటు బయట ఎండలో నిలబడున్నారు. లోపల అడుగు పెట్టనివ్వొద్దని కాయితం రాసిచ్చింది మీరేగా."