చెప్పందే కదలని కుక్క

కిందటి నెల ఆ మొగుడూపెళ్లాల చేలో మిగులు పత్తి ఏరుకుంటున్న ముసలి చిన్నప్ప, వాళ్ల కుక్క కరిచి చనిపోయాడు. నరసరావుపేట కోర్టుకు బయలుదేరుతున్న భర్తకు ఆమె కండువా అందించింది.

"కుక్క కరిస్తే నా మీద కేసేందే?"

"దాన్ని బోనెక్కిస్తే ప్రమాణం చెయ్యదు గదయ్యా."

"నవ్వబాక. నోరులేని జీవం, దానికేం తెలుసు?"

"మొన్నటిదాకా మనిషికన్నా తెలివైందంటివి. నువ్వు చెప్పందే కదలదని ఊరంతా చెప్పుకుంటివి."

"ఇప్పుడవన్నీ ఎందుకే? జడ్జీగారు అడిగితే ఏం చెప్పాలో చూడు."

"నీకేం భయంలే. ఆ రోజు నువ్వు ఉస్కో అంటే విన్నది అదీ, నేనూ. దానికి నోరు లేదాయె."

"మరి నీకో?"

ఆమె అతని భుజం మీద కండువా సరిచేసింది.

"నన్నింకా ఎవరూ అడగలేదయ్యా."